చూసిన పిల్లలూ బాధితులే: వీధి హింస, పిల్లల మనసు

మన బస్తీలో ఒక దుర్ఘటన జరిగితే సహాయం ఎవరికి అందాలో అందరికీ తెలుసు. గాయపడిన వ్యక్తికి ఆసుపత్రి ఖర్చు, చనిపోయిన వ్యక్తి భార్యకు నెలనెలా రేషన్, యతీం పిల్లలకు స్కూలు ఫీజు. దాతలు ఇచ్చే ప్రతి రూపాయికీ ఇలాంటి జాబితాలో ఒక పేరు ఉంటుంది. కాని అదే రోజు ఎదురింటి గుమ్మంలో నిలబడి అంతా చూసిన పదేళ్ల పిల్లవాడి పేరు ఏ జాబితాలోనూ ఉండదు. గోడ అవతలి కేకలు విని దుప్పటి ముసుగుపెట్టుకున్న ఆడపిల్ల పేరూ ఉండదు. వాళ్ల ఒంటిమీద దెబ్బ లేదు, ఇంట్లో ఎవరూ పోలేదు. అందుకని వాళ్లకేమీ కాలేదని అందరం అనుకుంటాం.

గౌరవనీయ దాతలారా! ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. హింసను చూసిన పిల్లలు, విన్న పిల్లలు కూడా బాధితులే. వాళ్ల గాయం కంటికి కనపడదు గనుక ఆలస్యంగా బయటపడుతుంది, అదీ వేరే రూపంలో. ఆ గాయాన్ని గుర్తించడానికి, మాన్పడానికి పెద్ద భవనాలు అక్కర్లేదు. తెలిసిన పెద్దలు, కొంత సమయం, కొంత ఖర్చు ఉంటే చాలు.

మన పరిసరాలు

ఉప్పల్ నుంచి వరంగల్ వైపు వెళ్లే రహదారి మీద పీర్జాదిగూడ, మేడిపల్లి, నారపల్లి దాటితే పోచారం వస్తుంది. ఒకప్పుడు పొలాలున్న ఈ ఊరు ఇప్పుడు ఐటీ కంపెనీల క్యాంపస్, అపార్ట్‌మెంట్లు, వాటిని కట్టే కూలీల గుడిసెలు, ఆ చుట్టూ పెరిగిన కాలనీలతో నిండిపోయింది. ఇటు నాచారంలో, ఉప్పల్‌లో పారిశ్రామికవాడలున్నాయి. ఫ్యాక్టరీ షిఫ్టుల మీద, ఆటోల మీద, దినకూలీ మీద బతికే కుటుంబాలు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. ఒకే గల్లీలో మన జిల్లాల వాళ్లు, ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు, హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు కలిసే ఉంటారు. గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లలో ఒక ఇంటి గొడవ నాలుగిళ్లకు వినిపిస్తుంది.

ఇలాంటి చోట పిల్లలు చూసే హింస అంటే ఎప్పుడో ఒకసారి జరిగే అల్లర్లు మాత్రమే అనుకోకూడదు. తాగి వచ్చి భార్యను కొట్టే పక్కింటాయన, వడ్డీ బాకీ కోసం గల్లా పట్టుకునే మనిషి, గంజాయి మత్తులో బ్లేడ్లు తీసే కుర్రాళ్లు, నీళ్ల ట్యాంకర్ దగ్గర మొదలై రాళ్ల దాకా వెళ్లే తగాదా, అర్ధరాత్రి తనిఖీలకు వచ్చి తలుపులు బాదే పోలీసులు. వీటిలో పత్రికలకెక్కేవి చాలా తక్కువ. పిల్లల మనసులో మాత్రం అన్నీ నమోదవుతాయి.

మన నగరం చూసినవి

హైదరాబాద్ పిల్లలకు హింస కొత్త కాదు. 1990 డిసెంబర్‌లో పాతబస్తీ అల్లర్లలో వంద మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత మానసిక విశ్లేషకుడు సుధీర్ కక్కర్ ఇక్కడికి వచ్చి హిందూ, ముస్లిం కుటుంబాలు రెండింటితోనూ మాట్లాడి, 1996లో ‘ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్’ అనే పుస్తకం ప్రచురించారు. అందులో ఆయన తన బాల్యాన్ని కూడా తలచుకుంటారు. దేశవిభజన నాటి హింస ఆయనకు చేరింది పంజాబ్ నుంచి వచ్చిన బంధువుల మాటల ద్వారా. ఇంట్లో పెద్దలు చెప్పుకునే భయం పిల్లల సొంత భయంగా మారుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

2007లో మే 18న మక్కా మస్జిద్‌లో, ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర బాంబులు పేలాయి. 2013 ఫిబ్రవరి 21న మనకు ఎంతో దూరం లేని దిల్‌సుఖ్‌నగర్‌లో పేలుళ్లు జరిగాయి. 1990లో పదేళ్లున్న పిల్లలు ఈనాడు తల్లిదండ్రులు. 2013లో పదేళ్లున్నవాళ్లు ఈనాడు ఉద్యోగాల వెతుకులాటలో ఉన్న యువకులు. వాళ్లలో ఎంతమందిని కూర్చోబెట్టి ‘ఆ రోజు నీకేమనిపించింది?’ అని అడిగి ఉంటారు?

ఆ తరువాత వచ్చిన మార్పు సెల్‌ఫోన్. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుడిని ఆసుపత్రి ముందు నరికి చంపిన సీసీటీవీ దృశ్యాలు టీవీల్లో మళ్లీ మళ్లీ వచ్చాయి. అదే నెల 26న అత్తాపూర్‌లో పట్టపగలు నడిరోడ్డు మీద జరిగిన హత్య ఫోన్లలో చేతులు మారింది. 2022 మే 4 రాత్రి సరూర్‌నగర్‌లో ఒక దళిత యువకుడిని, ముస్లిం యువతి అయిన అతని భార్య కళ్ల ముందే చంపారు. ఆ కేసులో అరెస్టయినవారిలో ఆమె సొంత సోదరుడు ఉన్నాడు. ఆ వీడియో కూడా మన పిల్లల ఫోన్లలోకి వచ్చింది.

ఈ చివరి సంఘటనను మేము కావాలనే ప్రస్తావిస్తున్నాం. హింస ఎటువైపు నుంచి వచ్చినా పిల్లల మనసు మీద పడే దెబ్బ ఒకటే. పైగా దెబ్బ కొట్టినది మనవాళ్లయినప్పుడు ఇంట్లో పెద్దలు మౌనంగా ఉంటే, పిల్లలు ఆ మౌనాన్ని సమ్మతిగా అర్థం చేసుకుంటారు. ‘పరువు కోసం చంపవచ్చు కాబోలు’ అని పద్నాలుగేళ్ల కుర్రవాడు నేర్చుకుంటే, దానికి బాధ్యత వీడియో పంపినవారిది మాత్రమే కాదు. అది ఘోరమని ఇంట్లో నోరు తెరిచి చెప్పని పెద్దలందరిదీ.

పరిశోధనలు ఏమంటున్నాయి?

నివాస ప్రాంతాల్లో హింసకూ పిల్లల మానసిక స్థితికీ ఉన్న సంబంధం మీద దశాబ్దాలుగా అధ్యయనాలు జరుగుతున్నాయి. 2009లో ప్యాట్రిక్ ఫౌలర్ బృందం అలాంటి 114 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. అన్నిటికంటే ఎక్కువ నష్టం స్వయంగా దెబ్బ తిన్న పిల్లలకే జరుగుతుంది. కాని పీటీఎస్‌డీ అనే, జరిగిన భయానక సంఘటన మనసును వదలకుండా వేధించే రుగ్మత లక్షణాల విషయంలో మాత్రం దెబ్బ తినడం, చూడటం, వినడం మూడూ సమానంగానే ప్రభావం చూపాయి. దిగులు, ఆందోళనల విషయంలో చూడటానికీ వినడానికీ తేడా కనిపించలేదు. కోపం, కొట్లాట, మాట వినకపోవడం వంటివి మాత్రం విన్నవారికంటే కళ్లారా చూసినవారిలో ఎక్కువ.

రెండవది చదువుకు సంబంధించినది. అమెరికాలోని షికాగోలో ప్యాట్రిక్ షార్కీ అనే సామాజిక శాస్త్రవేత్త చేసిన అధ్యయనం 2010లో వెలువడింది. పరీక్షకు ముందు వారం రోజుల లోపల తాముండే వీధుల్లో హత్య జరిగిన పిల్లలకు, చదవడంలోనూ పదాల జ్ఞానంలోనూ మార్కులు బాగా తగ్గాయి. హత్యను కళ్లారా చూసిన పిల్లలకే కాదు, ఆ చుట్టుపక్కల ఉన్న పిల్లలందరికీ ఈ దెబ్బ తగలగలదని ఆ అధ్యయనం హెచ్చరించింది. ఫీజులు, పుస్తకాలు, ట్యూషన్ల కోసం డబ్బిచ్చే మనకు ఇది ముఖ్యమైన సంగతి. భయంతో ఉన్న బుర్రలోకి పాఠం ఎక్కదు.

మూడవది వీడియోల సంగతి. 1995లో అమెరికాలోని ఓక్లహోమా నగరంలో బాంబు పేలుడు జరిగి 168 మంది చనిపోయారు. పేలుడుకు దూరంగా ఉండి, తమవారెవరినీ పోగొట్టుకోని పిల్లల్లో కూడా, టీవీలో ఆ దృశ్యాలు ఎంత ఎక్కువ చూస్తే మానసిక బాధ లక్షణాలు అంత ఎక్కువగా కనిపించాయని తరువాతి అధ్యయనంలో తేలింది. అప్పుడు టీవీ గదిలో ఉండేది. ఇప్పుడు తెర పిల్లవాడి జేబులోనే ఉంది.

పిల్లల్లో ఇది ఎలా కనిపిస్తుంది?

ప్రమాదం ఎదురైతే పారిపోవడానికో తలపడటానికో శరీరం సిద్ధమవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుసుకుంటాయి, చెవులు రిక్కించుకుంటాయి. ఇది దేవుడిచ్చిన రక్షణ. ప్రమాదం పోగానే శరీరం మామూలు స్థితికి రావాలి. కాని ఏ రాత్రి ఏ గొడవ అవుతుందో తెలియని గల్లీలో పిల్లల శరీరం మామూలు స్థితికి రావడం మానేస్తుంది. ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. దాని ఫలితాలు వయసును బట్టి మారుతాయి.

చిన్నపిల్లలు ఆపేసిన అలవాట్లకు తిరిగి వెళతారు. పక్క తడుపుతారు, అమ్మీని వదలరు, చూసిన గొడవనే ఆటలో మళ్లీ మళ్లీ ఆడతారు. బడికి వెళ్లే వయసువారు కడుపునొప్పి, తలనొప్పి అంటారు. డాక్టర్ చూస్తే ఏ రోగమూ కనిపించదు. పిల్లవాడు అబద్ధం చెబుతున్నాడని ఇంట్లోవాళ్లు కోప్పడతారు. నిజానికి ఆ నొప్పి నిజమైనదే, దాని మూలం మాత్రం కడుపులో లేదు.

పదమూడు దాటిన పిల్లల సంగతి మరింత కష్టం. కొందరు చిన్న మాటకే విరుచుకుపడతారు, జేబులో కత్తి పెట్టుకుంటే ధైర్యంగా ఉందంటారు, తమకంటే పెద్ద కుర్రాళ్ల జట్టులో చేరతారు. వాళ్లను చూసి ‘పోకిరీ’ అని ముద్ర వేయడం తేలిక. తనను కాపాడేవారెవరూ లేరని తేల్చుకున్న పిల్లవాడు తానే తనను కాపాడుకునే ప్రయత్నం చేస్తున్నాడని గ్రహించడం కష్టం. మరికొందరు, ముఖ్యంగా ఆడపిల్లలు, నోరు మూసుకుని లోపలికి కుంచించుకుపోతారు. గొడవ చేయరు కాబట్టి వాళ్లను ఎవరూ గమనించరు.

అన్నిటికంటే ప్రమాదకరమైన లక్షణం మొద్దుబారడం. ‘మా గల్లీలో రోజూ ఉండేదేగా’ అని నవ్వుతూ చెప్పే పిల్లవాడికి ధైర్యం వచ్చిందని పెద్దలు పొరబడతారు. ఇతరుల నొప్పి తనను తాకకుండా మనసు తలుపు వేసుకుంది. ఆ తలుపు వేసుకుంటే సంతోషం, జాలి, ఆశ కూడా బయటే ఉండిపోతాయి.

మనం చేసే వైద్యం

ఇలాంటి పిల్లల విషయంలో ఇళ్లలో సాధారణంగా జరిగేవి నాలుగు. ‘మగపిల్లవాడివి, ఏడవకు’ అని నోరు మూయించడం. మార్కులు తగ్గాయని కొట్టడం. ‘పరిస్థితులు బాగాలేవు’ అని ఆడపిల్లను బడి మాన్పించడం, తరువాత తొందరగా పెళ్లి చేయడం. దిష్టి తగిలిందనో గాలి సోకిందనో ఊరూరా తిప్పడం.

వీటి వెనుక ఉన్నది ప్రేమే, అందులో సందేహం లేదు. కాని కొట్టడం వల్ల హింసకు భయపడిన పిల్లవాడికి ఇంట్లో కూడా హింసే ఎదురవుతుంది. బడి మాన్పిస్తే ఆ పిల్ల జీవితంలో మిగిలిన ఒక్క క్రమమైన, భద్రమైన చోటు కూడా పోతుంది. దుఆ మనసుకు ఊరటనిస్తుంది, దాన్ని ఎవరూ కాదనరు. జ్వరం వస్తే దుఆ చేస్తూనే డాక్టర్ దగ్గరికి వెళ్లినట్టే ఇక్కడా వెళ్లాలి.

ఏమి చేయాలి?

మొదటి రోజుల్లో చేయవలసినది సులువుగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో, మానసిక ప్రథమ చికిత్స గురించి వైద్యులు కానివారు కూడా పాటించదగిన మార్గదర్శిని విడుదల చేసింది. దాని సారం మూడు మాటల్లో ఉంది: చూడండి, వినండి, కలపండి. ఎవరు భయంతో ఉన్నారో చూడాలి. చెప్పాలనుకున్నంత వరకే వినాలి. అవసరమైన సహాయం దొరికే చోటుకు చేర్చాలి. ‘ఏం జరిగింది, మళ్లీ చెప్పు’ అని బలవంతం చేయవద్దని కూడా అది స్పష్టంగా చెబుతుంది. మన దగ్గర వచ్చిన ప్రతి బంధువు ముందూ పిల్లవాడి చేత కథంతా చెప్పించే అలవాటు ఉంది. పరామర్శకు వెళ్లేవాళ్లు దీన్ని మానుకోవాలి.

తరువాతి వారాల్లో కావలసినది క్రమం. వేళకు తిండి, వేళకు నిద్ర, బడి, ఆట. ‘నీ తప్పేమీ లేదు, నీకు భయం వేయడం సహజమే, నేను ఇక్కడే ఉన్నాను’ అన్న మూడు మాటలు పెద్దలు చెప్పగలగాలి. హింసాత్మక వీడియో వస్తే ఇతరులకు పంపకుండా తుడిచేయాలి. పిల్లలు అప్పటికే చూసి ఉంటే, చూడనట్టు నటించకుండా దాని గురించి మాట్లాడాలి, అది తప్పని చెప్పాలి. బడిలో పిల్లలను కొట్టడం విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధమని తల్లిదండ్రులకు తెలియాలి.

నెల దాటినా నిద్ర పట్టకపోయినా, పీడకలలు ఆగకపోయినా, తిండి, చదువు, ఆట మానేసినా ఆలస్యం చేయకూడదు. చచ్చిపోవాలనిపిస్తోందని అంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు. 2022 అక్టోబర్ 10న ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ నంబర్ 14416కు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలు ప్రమాదంలో ఉంటే 1098, ఇంట్లో స్త్రీని కొడుతుంటే 181, తక్షణ సహాయానికి 112. లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతి ఒక్కరి బాధ్యత, ‘పరువు పోతుంది’ అని దాచే వీలు లేదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి వెళ్లవచ్చు. ‘ఎర్రగడ్డ’ అన్న పేరును తిట్టుగా వాడే అలవాటు మనం మానుకుంటేనే తల్లులు పిల్లలను అక్కడికి తీసుకెళ్లగలుగుతారు.

ఒక్క పెద్ద మనిషి

ఇదంతా చదివి నిరాశ పడనవసరం లేదు. హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికం, ఇంటి గొడవలు వంటి అనేక కష్టాల మధ్య పెరిగిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది స్థిరమైన, బాధ్యత గల మనుషులుగా ఎదిగారు. వాళ్లకు తోడ్పడినవాటిలో ముఖ్యమైనది, చిన్నప్పటి నుంచి తమను నమ్మి, విడవకుండా అండగా నిలిచిన కనీసం ఒక్క పెద్ద మనిషి. అమ్మ కావచ్చు, నాన్నమ్మ కావచ్చు, టీచర్ కావచ్చు, పక్కింటి ఆపా కావచ్చు.

దాతలకు మా విన్నపం ఇక్కడే ఉంది. ఆ ఒక్క పెద్ద మనిషి దొరకని పిల్లలకు ఆ మనిషిని సమకూర్చడం మన చేతుల్లో పని. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది వరకు తెరిచి ఉండే ఒక గది, అందులో వెలుతురు, ఆటవస్తువులు, రోజూ తప్పకుండా వచ్చే ఒక టీచర్, వారానికోసారి వచ్చే శిక్షణ పొందిన కౌన్సిలర్. గల్లీలో తాగుబోతు గొడవలు మొదలయ్యే వేళకు పిల్లలు ఆ గదిలో ఉంటారు. ఎర్రగడ్డకు వెళ్లే తల్లికి దారి ఖర్చు, ఆ రోజు పోయే కూలీ. ట్యూషన్ టీచర్లకు, మస్జిద్ ఇమాములకు, బస్తీ యువకులకు మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ. జకాత్ సొమ్మును వీటిలో దేనికి వాడవచ్చో ఉలమాను అడిగి తేల్చుకోవాలి. సదఖా రూపంలో ఇచ్చేదానికి ఆ ఇబ్బంది లేదు.

ఈ పనిలో మూడు నియమాలు తప్పనిసరి అని మేము భావిస్తున్నాం. మొదటిది, ఆ గదికి వచ్చే పిల్లవాడి మతం అడగకూడదు. గల్లీలో గొడవ అయినప్పుడు అన్ని ఇళ్ల పిల్లలూ భయపడతారు. అన్ని ఇళ్ల పిల్లలూ ఒకే చాప మీద కూర్చుని ఆడుకుంటే రేపు పెద్దయ్యాక ఒకరి మీద ఒకరు రాయి వేయడానికి చేయి వెనకాడుతుంది. రెండవది, పిల్లల ఫోటోలు, పేర్లు, వాళ్లు చెప్పిన మాటలు సావనీర్లలో గాని, వాట్సాప్ గ్రూపుల్లో గాని పెట్టకూడదు. దాతకు లెక్క చూపించాలి, పిల్లవాడి గాయం చూపించకూడదు. మూడవది, మొదలుపెట్టినదాన్ని మధ్యలో ఆపకూడదు. ఆరునెలలు వచ్చి మాయమయ్యే టీచర్, ఎవరినీ నమ్మకూడదన్న పాఠాన్నే పిల్లవాడికి మళ్లీ నేర్పుతుంది. అందుకే ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే నెలనెలా వచ్చే చిన్న మొత్తం ఇక్కడ ఎక్కువ ఉపయోగం.

ఇకమీదట ఏ సంస్థకు విరాళం ఇచ్చినా, మాకు ఇచ్చినా సరే, దాతలు ఒక ప్రశ్న అడగాలని కోరుతున్నాం: ‘ఆ సంఘటన జరిగినప్పుడు ఆ గల్లీలో ఉన్న మిగతా పిల్లల సంగతి ఎవరు చూస్తున్నారు?’ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే సంస్థకే మీ నమ్మకం దక్కాలి.